బాపు సరోజక్కకు చెప్పిన మాట

ఈ ఉదయం సరుకు పెట్టె విప్పితే లోపల ఒక దగ్గుమందు సీసా పగిలి ఉంది. చిక్కటి తీపి, దాని వెనకే ఘాటు. షాపంతా అదే వాసన. గుడ్డతో తుడుస్తుంటే సరోజక్క గుర్తొచ్చింది. ప్రేమగా గుర్తొచ్చిందనుకునేరు. ముందు ఒళ్లు మండింది, ప్రేమ తీరిగ్గా తర్వాత వచ్చింది. ఆమె విషయంలో నాకెప్పుడూ అదే వరస.

గోదావరిఖని బస్టాండుకు దగ్గర్లో ఆమెకు మందుల షాపు ఉండేది. ఫార్మసీ చదువు ముగించి నేను అక్కడే పనికి చేరాను. ఆమె చదివిన చదువే నేనూ చదివాను, పైగా కొత్తగా చదివాను. అయినా కౌంటర్ దగ్గర నేను నిలబడితే జనం నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసి "అక్క లేదా?" అనేవాళ్లు. అన్నానికి పోయిందంటే వచ్చేదాకా ఆగేవాళ్లు. పోనీ ఆమె చేయి చురుకా అంటే అదీ లేదు. జలుబు గోలీ అడిగినవాణ్ణి నిలబెట్టి "ఏ షిఫ్టు? ఏ బండి నడుపుతవ్? దవాఖానల ఏమన్న ఇచ్చిండ్రా?" అని ఆరా తీసేది. ఇంట్లో పెళ్లాం అడిగితే కసురుకునే మగవాళ్లు ఆమె ముందు బుద్ధిగా జవాబు చెప్పేవాళ్లు. అది చూసి లోలోపల కుళ్లుకునేదాన్ని. ఆ ప్రశ్నల్లో ఏముందో, ఆ గొంతులో ఏముందో, నాలో ఏం తక్కువో తెలిసేది కాదు.

మా బాపు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. డంపర్ అంటే ఇల్లంత బండి. దాని చక్రం పక్కన నిలబడితే మనిషి కంటికి ఆనడు. ఒక చలికాలం మధ్యాహ్నం బాపు రెండో షిఫ్టుకు పోతూ షాపు ముందు ఆగాడు. ముక్కు కారుతోంది, గొంతు బొంగురుపోయింది. అక్క లోపల ఉన్నా నన్నే పిలిచి గోలీ అడిగాడు. నాకెంత సంబరమైందో చెప్పలేను.

"ఇంకేమన్న మందులు వాడుతున్నవా బాపూ?"

"ఏం లేవు బిడ్డా. జల్దియ్యి, బస్సు పోతది."

నేను గోలీలు కత్తిరించబోతుంటే సరోజక్క వెనక నుంచి వచ్చి నా చేతిలోని స్ట్రిప్పు తీసుకుంది.

"అన్నా, నిద్ర మంచిగ పడుతుందా?" అని బాపునడిగింది.

బాపు నేల చూపులు చూశాడు. "దవాఖానల గోలీ ఇచ్చిండ్రు చెల్లె. అది ఏస్కుంటెనే పడ్తంది."

ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే కుండలో అన్నం తింటాం. బాపుకు నిద్ర పట్టడం లేదని నాకు తెలియదు, అమ్మకూ తెలియదు. అక్క ఆయన్ని లోపల ఫ్రిజ్ పక్కన బల్ల మీద కూర్చోబెట్టింది. ఇద్దరూ చాలాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు. నేను ఎవరికో ఏదో మందు ఇస్తున్నాను కానీ నా చెవులన్నీ అక్కడే. ఒక్క ముక్కా వినపడలేదు.

బయటికొచ్చాక మాత్రం నాకు వినపడేలాగే చెప్పింది. "జలుబు గోలీల గూడ మత్తు ఉంటది అన్నా. నిద్ర గోలీ మత్తు తెల్లారినంక గూడ పూరా దిగది. రెండు కలిస్తె స్టీరింగు మీదనే కన్ను మూతపడ్తది. ఇంట్ల పండుకున్నా ఫికరే, ఊపిరి మందమైతది. ఇయ్యాల డ్యూటీకి పోకు. నిద్ర గోలీ నీ అంతట నువ్వు బంద్ పెట్టకు, జలుబైందని డాక్టరుకు చెప్పి అడుగు. గప్పటిదాక ఆవిరి పట్టు."

"మస్టరు పోతది చెల్లె."

"పోనియ్యి."

బాపు మారుమాటాడకుండా ఇంటిదారి పట్టాడు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా, అమ్మ కాళ్లావేళ్లా పడినా హాజరు పోగొట్టుకోని మనిషి. బాపు బతికి ఇల్లు చేరాడని సంతోషించాల్సింది పోయి, ఆయన మా మాట కాక ఆమె మాట విన్నాడే అని ఏడ్చుకున్నాను.

ఉండబట్టలేక సాయంత్రం అడిగాను. "బాపు నీకేం చెప్పిండక్కా?"

"నిద్ర ఎందుకు పడ్తలేదో చెప్పిండు."

"ఎందుకట?"

"అది ఆయన నోటినుంచే ఇనాలె నువ్వు," అంటూ అల్మారా సర్దసాగింది. కాసేపటికి తనే అంది. "బాపు నీతోని అబద్ధమాడలేదు పిల్లా. కంపెనీ దవాఖానల ఊకె ఇచ్చేటియి వీళ్ల లెక్కల మందులే కావు. పైసలు పెట్టి కొన్నయే మందులు. గందుకే నేను దవాఖాన పేరు తీసి అడుగుత."

మా బాపు తరఫున నా దగ్గరే వకాల్తా పుచ్చుకుంటోంది. చాలా రోజులు ఆమెతో ముక్తసరిగా మాట్లాడాను. ఆమె పట్టించుకోలేదు. అదీ నాకు కోపమే.

సరోజక్క పోయిన వానాకాలంలో కన్నుమూసింది. బాపు గోడకానుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. సొంత అన్న పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవడం నేను చూడలేదు.

ఇప్పుడు ఆ షాపు నేనే నడుపుతున్నాను. ఆమె అడిగినట్టే అడుగుతాను, దవాఖాన పేరు తీసి మరీ. బాపు రిటైరయ్యాడు. ఆ నిద్ర గోలీ ఇంకా పూర్తిగా మానలేదు, డాక్టరు తగ్గించుకుంటూ వస్తున్నాడు. తుమ్ములొస్తే ఇంట్లో నాకు చెప్పడు. పనిగట్టుకుని షాపుకొచ్చి అందరితోపాటు వరసలో నిలబడతాడు. తన వంతు రాగానే జేబులోంచి స్ట్రిప్పు తీసి కౌంటర్ మీద పెడతాడు. "ఇది ఏస్కుంటున్న. దీని మీదికి ఏది పడ్తదో చూసియ్యి."

మొన్న అలాగే వచ్చి, నేను అడగకుండానే, "మల్లేశు మల్ల కలలకొచ్చిండు," అన్నాడు.

"మల్లేశు ఎవరు బాపూ?"

"నా ముందటి బండి కింద పడ్డోడు. నేను సూస్తుండంగనే."

ఆ రోజు ఫ్రిజ్ పక్కన అక్కకు చెప్పింది ఇదేనన్నమాట. వెనక జనం ఉన్నారు. ఆవిరి పట్టమని చెప్పి పంపించాను. ఇంటికెళ్లి, పక్కన కూర్చుని, మల్లేశు సంగతి మెల్లగా ఎత్తాను. బాపు టీవీలోంచి కళ్లు తిప్పకుండా, "అన్నం పెట్టు బిడ్డా," అన్నాడు.

పెట్టాను. కన్నకూతురికి చెప్పని మాట ఆయన కౌంటర్ వెనక నిలబడ్డ మనిషికి చెబుతున్నాడు. ఆ మనిషిని నేనే. అయినా ఆ మనిషి మీద నాకు కుళ్లే.