సూది వెయ్యని డాక్టరమ్మ

మొన్న సోమవారం వార్డులో పొద్దుటి మందులు ఇస్తుండగా తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. మా డాక్టరమ్మ చెల్లెలుగారు. "అక్క ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందమ్మా. రేపు చర్చిలో భూస్థాపన ఆరాధన" అన్నారు. "అలాగేనండి" అన్నాను.  ట్రేలో సగం మందులు మిగిలే ఉన్నాయి. అవి ఇచ్చేసి, చేతులు కడుక్కుని, అప్పుడు కూర్చున్నాను. మా ఉద్యోగంలో ఏడుపు కూడా పని అయ్యాకే.

ఇప్పుడు నేను బాపట్లలో పనిచేస్తున్నాను. స్టాఫ్ నర్సుగా నా మొదటి పోస్టింగు మాత్రం రేపల్లె దగ్గర నగరం అనే ఊరు దాటాక ఒక పల్లెలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. అక్కడి డాక్టరు ఆవిడ. అప్పటికే యాభై దాటిన మనిషి. రోజూ రేపల్లె నుంచి బస్సులో వచ్చేవారు. రోగి ఎదురుగా కూర్చోగానే "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగేవారు. గుండె చప్పుడు వినేటప్పుడు కళ్లు మూసుకునేవారు. కొత్తవాళ్లు ఆవిడ కునుకు తీస్తున్నారనుకునేవారు.

సూది వెయ్యని డాక్టరమ్మ అని ఊరు ఆవిడకు పేరు పెట్టింది. మెచ్చుకుని పెట్టిన పేరు కాదు. జలుబుకీ, ఒళ్లు నొప్పులకీ, మామూలు జ్వరానికీ ఆవిడ ఇంజెక్షన్ రాసేవారు కాదు. అవసరం లేని చోట యాంటీబయాటిక్ ఇచ్చేవారు కాదు. నాట్ల రోజుల్లో కూలికి వెళ్లేవాళ్లకు ఒక పూట పడుకునే తీరిక ఉండదు. సూది పడితే తెల్లారేసరికి లేచి పొలానికి పోవచ్చని వాళ్ల ఆశ. ఆ సంగతి ఆవిడకు తెలుసు కనుక ఎవరినీ కసురుకునేవారు కాదు. ఒకే మాట పొద్దుటి నుంచీ చెబుతూనే ఉండేవారు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది.

పైనుంచి కొత్త వైద్య మార్గదర్శకాలు వచ్చినప్పుడల్లా, ఓపీ అయ్యాక మమ్మల్ని కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపించేవారు. భోజనాలయ్యాక కదా, నాకు నిద్ర ముంచుకొచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఇవన్నీ మనకెందుకు మేడమ్? ఢిల్లీలో కూర్చుని రాసినోళ్లకి ఇక్కడి సంగతి ఏం తెలుసు?"

"తెలియదు. శుభ్రమైన నీళ్లలో ఓఆర్ఎస్ కలపమన్నారు. మన బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయని వాళ్లకెవరు చెప్పారు? అది మనం చూసుకోవాలి. కానీ మిగతాదంతా తీరిగ్గా ఆలోచించి రాశారమ్మా. మనకా తీరికేదీ? ఎనభయ్యో రోగి వచ్చేసరికి నీకూ నాకూ బుర్ర పనిచేస్తుందా? మనం అలిసిపోయినప్పుడు మన బదులు ఆలోచించి పెట్టేవాళ్లు ఒకరుండాలి."

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఒక రైతుకూలీ, అతని తల్లి ఆటోలో పిల్లను తీసుకొచ్చారు. రెండేళ్ల పిల్ల. తెల్లవారుజాము నుంచి విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి, గిల్లి వదిలితే చర్మం నెమ్మదిగా సర్దుకుంటోంది. చెంచాతో నీళ్లు పెడితే మాత్రం ఆత్రంగా తాగుతోంది.

"సెలైన్ పెట్టండి మేడమ్, పిల్ల వాలిపోతోంది" అన్నాడు తండ్రి.

"తాగుతోంది కదా బాబూ. తాగే పిల్లకి నోటితోనే పట్టాలి. సాయంత్రం దాకా ఇక్కడే ఉండండి. తేడా వస్తే సెలైన్ నేనే పెడతా. రేపల్లె దాకా అంబులెన్సులో నేనే వస్తా."

"నీళ్లు తాగించుకోడానికైతే ఇంటి దగ్గరే ఉండేవాళ్లం కదండీ!"

 ఆవిడ మంచినీళ్ల క్యాన్‌లో నీళ్లతో ఓఆర్ఎస్ కలిపించి, పిల్లను ఒళ్లో వేసుకుని బెంచీ మీద కూర్చున్నారు. చెంచా తర్వాత చెంచా. మధ్యలో పిల్ల వాంతి చేసుకుంది. తండ్రి నా వైపు గుర్రుగా చూశాడు. ఆవిడ చీర తుడుచుకుని, కాసేపు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టారు. నాకు లోపల భయంగానే ఉంది. చాలాసేపటికి నాయనమ్మ "ఇటివ్వండమ్మా, మీ చెయ్యి లాగేస్తంది" అంటూ చెంచా తీసుకుంది. పొద్దు వాలే వేళకు పిల్ల ఒంటేలు పోసింది, ఆ వెంటనే అరటిపండు కోసం పేచీ మొదలుపెట్టింది. అంత అలసటలోనూ డాక్టరమ్మ చిన్నగా నవ్వారు.

ఆ తండ్రి ఇంటికి పోతూ పోతూ ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఆగి పిల్లకు సెలైన్ ఎక్కించుకున్నాడని మర్నాడు తెలిసింది. పిల్ల బతికింది ఆ సీసాతోనే అని ఊరంతా చెప్పుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం, "పిల్ల బాగుందా? మనమిచ్చిన జింకు మాత్ర వేస్తున్నారా? అది కనుక్కో" అన్నారు.

ఆ ఏడాదే ఊరి పెద్దలు కొందరు పై అధికారుల దగ్గరికి వెళ్లి, ఈ డాక్టరమ్మ ఏ వైద్యమూ చెయ్యదని ఫిర్యాదు చేశారు. ఆవిడకు అమృతలూరు వైపు బదిలీ అయింది. వెళ్లే రోజు బల్ల సర్దుకుంటూ, "ఇలా చెయ్యండని రాసిందీ వాళ్లే, చేస్తే బదిలీ చేసిందీ వాళ్లే. అక్కడైనా ఇదేగా చెప్పాలి, పద" అన్నారు. ఆవిడ నోట నేను విన్న విసుగు మాట అదొక్కటే. తర్వాత వచ్చినాయన అడిగినవాళ్లకు అడిగినట్టు సూదులు వేశాడు. ఓపీ రెట్టింపయింది. ఆయన పేరు చెబితే ఊరు ఇప్పటికీ దండం పెడుతుంది.

మంగళవారం సమాధి దగ్గర మేం పది మందిమి కూడా లేం. మధ్యాహ్నం డ్యూటీ ఉందని నేనూ మట్టి వేసి వచ్చేశాను.

చివరిసారి ఆవిడను చూసింది ఈ వేసవిలో, తెనాలిలో వాళ్లింటి వరండాలో. గుండె జబ్బు ముదిరి, రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. ఎదురింటి అమ్మాయి జలుబు చేసిన బాబును చంకనేసుకొచ్చి, ఏం సిరప్ వాడమంటారని అడిగింది. ఆవిడ ఆగి ఆగి, ఓపిగ్గా, మందేమీ అక్కర్లేదని, ఏం చూసుకోవాలో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో మొత్తం చెప్పారు. "అలాగేనండి ఆంటీ" అని ఆ అమ్మాయి గేటు దాటి, ఇంటికి వెళ్లకుండా తిన్నగా వీధి చివర మందుల షాపుకు వెళ్లింది. ఇద్దరం చూశాం. కాసేపటికి సీసాను చున్నీ కింద దాచుకుంటూ వెనక్కి వస్తోంది. డాక్టరమ్మ నా వైపు చూసి పెదవులు బిగబట్టి నవ్వారు. ఆ అమ్మాయి మా ముందు నుంచి దాటిపోయేదాకా, మమ్మల్ని చూసి తను సిగ్గుపడకూడదని, తల గోడ వైపు తిప్పుకుని కళ్లు మూసుకున్నారు.