లేసు గుడ్డ తప్పేమీ లేదు

మా అమ్మ లేసు గుడ్డ కప్పి కంప్యూటర్‌ని కాల్చేసిందని మా బంధువుల్లో ఒక కథ తిరుగుతోంది. అంతర్వేదిలో ఒక పెళ్ళికి వెళితే అక్కడా విన్నాను, ఐనవిల్లి నుంచి వచ్చిన చుట్టం నోటా విన్నాను. చెప్పేవాళ్ళు నవ్వుతూనే చెబుతారు. అమ్మంటే అందరికీ ఇష్టమే. కానీ ఆ కథ నిజం కాదు. దాన్ని పుట్టించింది నేను, కాబట్టి సరిదిద్దవలసిందీ నేనే.

మాది రాజోలు దగ్గర ఊరు. అమ్మ ప్రైమరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. మా వైపు ఆడవాళ్ళు పని తీరిన మధ్యాహ్నాలు కొక్కెం సూది పట్టుకుని లేసు అల్లడం మామూలు. అమ్మది అందులో పెద్ద చెయ్యి. మా ఇంట్లో టీవీ మీద లేసు గుడ్డ, మిక్సీ మీద లేసు గుడ్డ, కుట్టుమిషను మీద లేసు గుడ్డ, మంచినీళ్ళ బిందె మీద కూడా అంచుకి పూసలు కట్టిన లేసు గుడ్డ. ఏ వస్తువైనా ఒంటిమీద గుడ్డ లేకుండా కనిపిస్తే అమ్మకి తోచదు.

ఆవిడ దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఎప్పటినుంచో కూడబెట్టిన డిజైన్లన్నీ అందులో పెన్సిల్‌తో రాసుకుంది. శనివారం శనివారం చర్చి స్త్రీల సమాజం వాళ్ళు మా ఇంట్లో కూడతారు. ప్రార్థన అయ్యాక అమ్మ ఆ పుస్తకం తెరిచి, క్లాసులో పాఠం చదివినట్టు, "ఆరు గొలుసులు... ఒకటి వదిలెయ్యండి... రెండోదాంట్లో సూది దూర్చండి" అని చదువుతుంది. తక్కినవాళ్ళు అల్లుతారు. మా ఉప్పుగాలికి ఆ కాగితాలు అప్పడాల్లా అయిపోయాయి. పెన్సిల్ గీత వెలిసిపోయింది. జిరాక్స్ తీయిస్తే తెల్లకాగితం తెల్లగానే వచ్చింది.

"నా కళ్ళు కనపడుతుండగానే దీన్ని పుస్తకం చేసి, క్రిస్మస్‌కి తలో కాపీ ఇవ్వాల్రా. నేను పోయేక ఇవి చదవగలిగేవాళ్ళు ఎవరూ లేరు" అంది అమ్మ.

"నేను టైపు చేసిపెడతాలేమ్మా" అన్నాను. నేను అమలాపురంలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. రోజంతా కంప్యూటర్ ముందే కూర్చుంటాను. ఆ మాట అన్నాక రెండు క్రిస్మస్‌లు వెళ్ళిపోయాయి.

చివరికి అమ్మే అంది. "నీకు తీరిక లేదులే గానీ, నాకే ఓ పాత కంప్యూటర్ కొనిపెట్టు. నేనే కొట్టుకుంటాను." అని ఊరుకోలేదు. క్యాలెండర్ కాగితం వెనక మూడు మాటలు రాసి నా చేతిలో పెట్టింది. అక్షరం చింతపిక్కంత కనపడాలి. మీట నొక్కితే నొక్కినట్టు వేలికి తెలియాలి. రొద ఉండకూడదు.

నేను నవ్వి జేబులో పెట్టుకున్నాను. కంప్యూటర్ కొనడానికి వెళ్ళేవాడికి చింతపిక్కల సంగతి దేనికి అనుకున్నాను. మా ఇంట్లో నాకు తెలిసినంత కంప్యూటర్ ఎవరికీ తెలియదు మరి.

అవి గోదారికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజులు. అమలాపురంలో పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే షాపు ఒకటి ఉంది. షాపాయన నా వయసువాడే, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడతాడు. ఏదో కంపెనీ తీసేసిన సీపీయూ ఒకటి చూపించాడు. లోపల అన్నీ బాగున్నాయి. నేను రెండు మూడు పెద్ద మాటలు వాడి పరీక్ష చేశాను. మానిటర్ చిన్నదైనా సరిపోతుందన్నాను. ఆయన ఆన్ చేసి, చెవి దగ్గర పెట్టి విని, మొహం అదోలా పెట్టాడు.

"ఫ్యాను అరిగిపోయిందండీ. ఇప్పుడు తిరుగుతుంది గానీ, ఎన్నాళ్ళు తిరుగుతుందో చెప్పలేనండీ. ఓ రెండు గంటలు కూర్చుంటే మార్చి ఇచ్చేస్తానండీ."

నేను గడియారం చూసుకున్నాను. ఆ రోజు కొత్తపేటలో మా ఆఫీసాయన ఇంట్లో భోజనం. మామూలు భోజనం కాదు, పులస చేప పులుసు. ముందురోజు వండి రాత్రంతా ఊరనిచ్చిన పులుసు. ఏడాదికోసారి దొరికే పిలుపు.

"ఒంటిగంటకల్లా కూర్చోవాలండీ. పులసండీ" అన్నాను.

"పులసేనాండీ? ఆయ్, అయితే నేనేం చెప్పగలనండీ" అని ఆయనే నవ్వేశాడు. "కానీ మళ్ళీ ఓసారి తప్పకుండా తీసుకురండి. ఫ్యాను మార్చకుండా ఎక్కువ వాడకండి."

"ఆయ్, తెస్తానండీ" అన్నాను. తీసుకెళ్ళలేదు. పులుసు మాత్రం మహా బాగుంది.

ఇంటికొచ్చి బిగించి ఆన్ చేశాను. అమ్మ కొంచెంసేపు విని, "ఇదేంట్రా, గ్రైండర్లో మినప్పప్పు వేసినట్టుంది?" అంది.

"పాతవాటికి ఉంటుందమ్మా ఆ మాత్రం."

"అక్షరం చీమలా ఉంది."

"అలవాటవుతుందిలే."

అలవాటు చేసుకుంది పాపం. కళ్ళజోడు మీద భూతద్దం పట్టుకుని, కుడిచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతికి కొట్టింది. మొదటివారం "గొలుసు" అన్న మాట పూర్తి చెయ్యడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. రెండో నెలకి డిజైన్లు పదిహేడు అయ్యాయి. ఆ పదిహేడూ కొట్టిన రోజున స్కూలు రిజల్టు చెప్పినట్టు వీధి గుమ్మంలోకి వచ్చి నాకు చెప్పింది. ఈలోగా సీపీయూకి కొలిచి మరీ లేసు గుడ్డ అల్లేసింది. నాలుగు మూలలా నాలుగు గులాబీలు.

అక్టోబరులో ఒక ఉక్క మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి త్వరగా వచ్చాను. ఇంటినిండా కాలిన ప్లాస్టిక్ వాసన. అమ్మ భోజనానికి లేస్తూ, దుమ్ము పడుతుందని, నడుస్తున్న సీపీయూ మీద గుడ్డ కప్పి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి అది ఆగిపోయి ఉంది. పక్కింటి పిన్ని, మా ఆవిడ, ఇంకో ఇద్దరు సమాజం ఆడవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. నేను చెయ్యి పెట్టి చూశాను. పెనంలా ఉంది. నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఫ్యాను.

అందరూ నావైపే చూస్తున్నారు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "ఈ గుడ్డ ఎవరు కప్పమన్నారమ్మా? గాలి ఆడక చచ్చింది."

అమ్మ గుడ్డ తీసి మడతపెట్టింది. మర్నాడు నిద్ర లేచి చూస్తే టీవీ మీద గుడ్డ లేదు, మిక్సీ మీద లేదు, బిందె మీద కూడా లేదు. ఇల్లంతా ఎవరో ఖాళీ చేసి వెళ్ళినట్టుంది. ఆ శనివారం సమాజంలో నోటుబుక్కు తెరవలేదు. ఎవరో అడిగితే, "నా చెయ్యి యంత్రాలకి పనికిరాదమ్మా. పుస్తకం సంగతి మర్చిపోండి" అందట. నోటుబుక్కు బీరువాలోకి వెళ్ళిపోయింది. నా మాట మాత్రం సమాజం ఆడవాళ్ళ వెంట ఊళ్ళు దాటి పోయి, ముచ్చటైన కథగా మారింది. నేనూ ఒకటి రెండుచోట్ల నవ్వుతూ తలూపాను. ఆ తలూపడమే నాకు ఇప్పటికీ సిగ్గు.

నవంబరులో ఒక శనివారం సమాజం కూడిన వేళ నేను ఇంట్లోనే ఉన్నాను. పిన్ని ఎందుకో ఆ గులాబీల గుడ్డ కావాలని అడిగి తెప్పించుకుంది. ఆవిడ చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన మనిషి. గుడ్డని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. అందులోంచి పెరట్లో కొబ్బరిచెట్లు, దండెం మీద నా చొక్కా, అన్నీ కనబడుతున్నాయి.

"టీచరుగారూ, దీన్లో దారం కన్నా కన్నాలే ఎక్కువున్నాయి కదండీ. గాలి ఎలా ఆగిందండీ?"

"ఏమోనమ్మా, అబ్బాయి అన్నాడు" అంది అమ్మ.

పిన్ని నావైపు తిరిగింది. "ఏం బాబూ? నేను వేడి ఇడ్లీల మీద ఇలాంటిదే కప్పుతాను. పది నిమిషాల్లో చల్లారిపోతున్నాయని మీ బాబాయి గోల. నీ కంప్యూటర్‌కి మాత్రం ఉక్కపోసిందా?"

అందరూ గొల్లున నవ్వారు. "అది... దారానికి వేడి పట్టి..." అని ఏదో గొణిగాను.

"దారానికి పడితే దారం కాలాలి కదండీ, గులాబీలు నిన్న పూసినట్టున్నాయి" అంది వెనక నుంచి ఎవరో.

నేను పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ నిలబడి అర్థం చేసుకున్నాను. క్రిస్మస్‌కి ఇంకా నెలరోజులుంది. నేను నోరు విప్పితే పుస్తకం ఉంటుంది, లేకపోతే ఉండదు.

సోమవారం సెలవు పెట్టి, "ఆ పదిహేడు డిజైన్లూ బయటికి వస్తాయేమో అడుగుదాం రా అమ్మా" అని సీపీయూ సంచిలో వేసుకుని అమ్మని అమలాపురం తీసుకెళ్ళాను. బస్సులో చెప్పేద్దామనుకున్నాను. జనం ఎక్కువున్నారని చెప్పలేదు. దిగాక ఆటోలో చెబుదామనుకున్నాను. రోడ్డు బాగాలేదని చెప్పలేదు.

షాపాయన నన్ను చూడగానే కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. "రండి రండి! పులస బాగుందాండీ?"

"పులసేంట్రా?" అంది అమ్మ.

నేను జవాబు చెప్పేలోపే ఆయన మూత విప్పాడు. ఫ్యాను బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. "చెప్పేను కదండీ ఆ రోజు..." అంటూ తలెత్తి నా మొహం చూశాడు, అమ్మ మొహం చూశాడు, అమ్మ ఒళ్ళో మడతపెట్టిన లేసు గుడ్డ చూశాడు. ఎందుకు తెచ్చుకుందో తెలియదు, వెంట తెచ్చుకుంది. మంచివాడు, వెంటనే మాట మార్చాడు. "వేడికి శానా కారణాలుంటాయండీ. పైన ఏదైనా కప్పినా కూడా..."

ఆయన నాకు దారి ఇచ్చాడు. ఆ దారిన పోతే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

"గుడ్డ కాదండీ" అన్నాను. "అమ్మా, గుడ్డ కాదు. ఈయన ఫ్యాను మార్చాలని ఆ రోజే చెప్పేరు. పులస భోజనానికి ఆలస్యమవుతుందని నేనే ఆగలేదు. తర్వాత మార్పించనూ లేదు. ఆ రోజు అందరి ముందూ నీ మీదికి తోసేశాను."

అమ్మ ఫ్యాను చేతిలోకి తీసుకుంది. వేలితో తిప్పింది. సగం తిరిగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది.

"పులుసు ఎవరింట్లో?"

"మా ఆఫీసాయన ఇంట్లోనమ్మా."

"బెండకాయలు వేసేరా?"

"వేసేరు."

"ఆవకాయ నూనె?"

"వేసేరమ్మా."

"నాకో ముక్కైనా పట్టుకొచ్చేవు కాదు" అంది. షాపాయన నవ్వు ఆపుకోవడానికి వెనక్కి తిరిగి ఏదో వైరు వెతికాడు. అప్పుడు అమ్మ నెమ్మదిగా అంది. "పోయినవాళ్ళ బట్టల్లా ఆ గుడ్డలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసేన్రా."

నేను ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

ఆవిడే లేచింది. "సరే, జరిగిందేదో జరిగింది. ఈసారి నేను చూసుకుంటాను. ఏవండీ, అక్షరం పెద్దగా కనపడేది ఏది?"

ఆ తర్వాత గంటన్నర నేను సంచీ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ నాలుగు మానిటర్ల ముందు కూర్చుని, ఒకే మాట నాలుగింట్లోనూ కొట్టించి, దూరం నుంచి చదివి చూసింది. మూడు కీబోర్డులు నొక్కి, మీటలు లోతుగా దిగే పాత నల్లది ఏరుకుంది. సీపీయూల దగ్గర మాత్రం కొబ్బరికాయ కొనేటప్పటిలా చెవి ఆనించి వింది. రెండు వద్దంది. మూడోదానికి, "ఇది నిద్రపోతున్న పిల్లలా ఉందండీ, ఇది ఇవ్వండి" అంది.

"మేడంగారూ, మీరు రోజూ మా షాపుకి వస్తే నాకు టెస్టింగ్ ఖర్చు మిగులుతుందండీ" అన్నాడాయన. పాతదాని డిస్కులోంచి డిజైన్లు తీశాడు. పదిహేడూ ఉన్నాయి. అమ్మ వాటిని తెర మీద ఒక్కొక్కటిగా, ఇంటికొచ్చిన చుట్టాల్ని పలకరించినట్టు చూసుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తీర్పు చెప్పింది. "అందరి ముందూ అన్నావు కాబట్టి, అందరి ముందూ చెప్పు. శనివారం."

శనివారం ప్రార్థన అయ్యాక నిలబడి చెప్పాను. పులస దాకా వచ్చేసరికి నవ్వులు మొదలయ్యాయి. "నేను అనలేదా టీచరుగారూ!" అని పిన్ని మోకాలు చరుచుకుంది. "మరి శిక్ష ఏంటండీ?" అని ఒకావిడ. చర్చించి తేల్చారు. నా చేతికి సూదీ దారం ఇచ్చి యాభై గొలుసులు అల్లమన్నారు. పన్నెండో గొలుసుకి నా వేలు, దారం, చొక్కా గుండీ కలిసి ఒకే ముడి పడ్డాయి. పిన్ని వచ్చి కత్తెరతో విడిపించింది.

"చూసేవా బాబూ, చెయ్యి ఎవరిది పనికిరాదో?" అంది.

అమ్మ లోపలికి వెళ్ళి పెట్టె తాళం తీసింది. టీవీ గుడ్డ టీవీ మీదికి, బిందె గుడ్డ బిందె మీదికి వచ్చేశాయి. నోటుబుక్కు కూడా బీరువాలోంచి వచ్చింది. "ఆరు గొలుసులు..." అని మొదలుపెట్టింది.

క్రిస్మస్‌కి పుస్తకం పూర్తి కాలేదు, ఇరవైరెండు డిజైన్లే అయ్యాయి. అయినా అవే ప్రింటు తీయించి, దారంతో కుట్టి, తలో కాపీ ఇచ్చింది. తక్కినవి ఈస్టర్‌కి అంది. షాపాయనకీ ఒక కాపీ పంపించింది, వాళ్ళావిడ కోసం.

ఇదంతా నేను అమ్మ కంప్యూటర్ మీదే కొడుతున్నాను. సమాజంలో చెప్పింది పాతికమంది విన్నారు గానీ, కథ అంతకన్నా ఎక్కువ ఊళ్ళు తిరిగిందని, బంధువులందరికీ రాసి పంపమని ఆవిడే అంది. గులాబీల గుడ్డ ప్రస్తుతం ఆవిడ చేతి మీద మడతగా ఉంది. ఆవిడ నా వెనకే నిలబడి ఉంది.

"అయిందా? లే. ఇరవైమూడోది సగంలో ఉంది."

లేస్తున్నాను.