కొండ మాట్లాడడం మానేసిన మధ్యాహ్నం

ఆ చర్చి కిటికీలన్నీ కొండవైపే. అందుకే కుట్టుమిషన్ అక్క ఎప్పుడూ స్తంభం చాటున కూర్చునేది. అక్కణ్నుంచి పాస్టరుగారి మొహం సగమే కనిపిస్తుంది, కొండ అసలు కనిపించదు. ఆవిడకు కావలసిందీ అదే.

స్కూలు పిల్లల యూనిఫారాలు, ఆసుపత్రి కిటికీలకు తెరలు, చర్చిలో పాటలు పాడేవాళ్ల తెల్ల అంగీలు, ఏవైనా ఆవిడ చేతిమీదుగా పోవలసిందే. మాట తక్కువ, కొలత గట్టి. "కాస్త వదులుగా కుట్టక్కా, తిండి మానలేను" అని ఎవరైనా అంటే, "తిండి మానొద్దులే, నా టేపు చేత మాత్రం అబద్ధం చెప్పించకు" అనేది.

ఆవిడ ఇల్లు కొండ కింది వీధిలో ఉండేది. ముందుగదిలో మిషను, కత్తిరింపుల బల్ల. వెనకగదిలో మంచం, పొయ్యి. వెనక గోడకు అవతల ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు, ఆ తర్వాత ఇంక కొండే.

పెళ్లయి ఆ వీధికి వచ్చేనాటికి ఆవిడకు దేవుడితో పరిచయం లేదు. పుట్టింట్లో ఆ ఊసే ఎవరూ ఎత్తేవారు కాదు. భర్త వడ్రంగి. చర్చిలో బల్లలన్నీ చేసింది ఆయనే. అయినా భార్యను రమ్మని ఒక్కనాడూ పోరు పెట్టలేదు. కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం, "రా, నీకొకటి చూపిస్తా" అని కొండమీదికి తీసుకెళ్లాడు. పొదలో ఒక పిట్టగూడు. రెండు వెడల్పాటి ఆకుల్ని దగ్గరికి లాగి, అంచుల వెంట చిల్లులు పొడిచి, ఏదో నారతో కుట్టేసింది పిట్ట. లోపల దూది పరిచింది.

ఊహ తెలిసినప్పటి నుంచీ సూది పట్టిన మనిషి ఆవిడ. వంగి చూసింది. కుట్టు తర్వాత కుట్టు, ఆకు చిరగకుండా, పట్టు వదలకుండా.

"దీనికెవరు నేర్పారండీ?" అంది.

"నీకెవరు నేర్పారు?"

"మా అమ్మ."

"దీనికీ వాళ్లమ్మే అనుకో. ఆ అమ్మకి?"

"వాళ్లమ్మ."

"మరి అందరికన్నా ముందు పుట్టిన పిట్టకి?"

ఆవిడ వేలికొనతో ఒక కుట్టును తడిమి చూసింది. ఆయన రెట్టించలేదు. దిగి వస్తుంటే చుట్టూ చెట్లు, రాళ్లు, పైన పోతున్న మబ్బు, అన్నీ ఎవరో చూసుకుంటున్న ఇల్లులా అనిపించాయి. ఎవరి ఇంట్లోకో చెప్పకుండా అడుగుపెట్టినట్టు ఆవిడ కొంగు సర్దుకుంది. మరుసటి ఆదివారం తనంతట తనే చర్చికి బయల్దేరింది. తర్వాత ఎప్పుడో పాస్టరుగారు నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చారు. కానీ తనకు దేవుడు ఎదురైంది మాత్రం కొండమీదేనని ఆవిడ అనుకునేది.

ఆ కొండే ఆవిడ మొగుణ్ని మింగింది.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. వడ్రంగి పనిచేసే షెడ్డు వీధి చివర, కొండను ఆనుకునే ఉండేది. పలకలు తడుస్తున్నాయని ఆయన పరుగెత్తాడు. కాసేపటికి పెద్ద బండి ఏదో వీధిలోకి వస్తున్నట్టు చప్పుడైంది. ఆవిడ బయటికి వచ్చేసరికి వీధి చివరి భాగమే లేదు. షెడ్డు ఉండాల్సిన చోట ఎర్రమట్టి, తలకిందులైన చెట్లు. రోజుల తరబడి తవ్వారు. ఒక తలుపు దొరికింది, కొన్ని రేకులు దొరికాయి. ఆయన దొరకలేదు. ఇంకా తవ్వితే పైనుంచి మళ్లీ జారుతుందని అధికారులు ఆపేయించారు. శవపెట్టె లేకుండానే పాస్టరుగారు ప్రార్థన చేశారు.

ఆ తర్వాత ఎప్పుడో ఒక ఆదివారం పాస్టరుగారు అలవాటుగా కిటికీవైపు చెయ్యి చాపి, ఆకాశం, కొండలు సృష్టికర్త చేతిరాత అని చెబుతుంటే, ఆవిడ లేచి బయటికి నడిచింది. ప్రసంగం అయ్యాక ఆయన వెతుక్కుంటూ వచ్చారు.

"ఆ రాతలో మా ఆయన్ని కొట్టేసిన గీత ఎక్కడుందో కూడా చూపించండి అయ్యగారూ" అంది ఆవిడ.

"నాకు చదవడం రాదమ్మా ఆ చోటు" అన్నారాయన. మంచిమనిషి. ఇంకెవరైనా అయితే ఏదో ఒకటి చెప్పి పంపేవారు. ఆ నిజాయితీకే ఆవిడ చర్చి మానలేదు. స్తంభం చాటుకు మారింది, అంతే. ప్రార్థన మాత్రం మానేసింది. అందరూ కళ్లు మూసుకుంటే తను తెరుచుకుని కూర్చునేది.

చప్పుడు మొదలైంది మరుసటి వానల్లో.

మిషను తొక్కడం ఆపినప్పుడల్లా వెనక గోడ అడుగున టక్... టక్... టక్. చెక్కలో మేకు దింపుతున్నట్టు. మొదటిసారి విన్నప్పుడు ఆవిడ చేతిలో గుడ్డ జారిపోయింది. సందులోకి వెళ్లి చూసింది. తడిసిన మట్టి తప్ప ఏమీ లేదు. లోపలికి వచ్చి గోడ దగ్గర కూలబడింది. "మీరేనా?" అంది. టక్... టక్. అవుననీ లేదు, కాదనీ లేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే మతి తప్పిందంటారు. వచ్చి తనింట్లో ఉండమని తమ్ముడు పిలిస్తే కదల్లేదు. ఆయన్ని గోడవతల వదిలేసి ఎలా వెళ్లడం? పొద్దున లేవగానే గోడతో మాట్లాడేది. ఫలానా వాళ్ల అమ్మాయి పెళ్లి కుదిరిందనీ, దారం బాగా రావడం లేదనీ చెప్పేది. చెప్పి, చప్పుడు కోసం ఊపిరి బిగబట్టేది.

కొన్నాళ్లకు భర్త అక్కగారు, ఒంటరిదై, ఇక్కడికే వచ్చి చేరింది. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోదానికి ఇష్టమైతేనే వినిపిస్తుంది. ఆవిడ మంచం వెనక గోడకు ఆనించి వేశారు. మర్నాడు పొద్దున ఆ పెద్దావిడ గోడకు అరచెయ్యి ఆనించి కూర్చుని ఉంది.

"ఏమే, ఎన్నాళ్లుగా ఇది?"

మరదలు పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. "మీకు వినిపించిందా వదినా?"

"వినిపించడం ఎక్కడిది, వీపుకి తగులుతుంటేనూ! నువ్వేమనుకుంటున్నావో నాకు తెలుసు. కానీ మా తమ్ముడు బతికున్నప్పుడే ఏ పనీ ఇలా ఆగకుండా చేసి ఎరగడు."

చాన్నాళ్లకు ఆవిడ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. వదిన పక్కకు జరిగి చోటిచ్చింది. ఆరోజు నుంచి ఇద్దరూ ఆ చప్పుడుతోనే కాపురం చేశారు. భయం పోలేదు. దానికి అలవాటు పడ్డారు.

అలా కొన్ని వానాకాలాలు గడిచాయి. ఆ తర్వాత ఒక ఏడు వాన ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. ఒక మధ్యాహ్నం ఆవిడ యూనిఫారం చొక్కాకు కాలరు వేస్తూ దారం తెగితే మిషను ఆపింది. దారం ఎక్కించబోయి ఆగిపోయింది.

చప్పుడు లేదు.

వెనకగదిలోకి వెళ్లింది. వదిన అప్పటికే లేచి గోడను తడుముతోంది, చీకట్లో తలుపు గొళ్లెం వెతుకుతున్నట్టు. "వెళ్లిపోయాడే" అంది. "ఉన్నట్టుండి వెళ్లిపోయాడు."

ఆవిడ సందులోకి వెళ్లింది. ఎప్పుడూ గోడ వెంట పారే నీటి పాయ ఆగిపోయింది. అంత వానలో! తలెత్తి చూసింది. భర్త పోయాక కొండను తిన్నగా చూడడం అదే మొదటిసారి. ఒక్క పిట్ట కూయడం లేదు. మొత్తం కొండ ఊపిరి లోపలికి పీల్చుకుని వదలడం మరిచిపోయినట్టుంది. అప్పుడు ఆవిడకు ఒళ్లు జలదరించింది, భయంతో కాదు. పిట్టగూడు చూసి దిగి వస్తున్న రోజున అనిపించినట్టే, పక్కన ఎవరో ఉన్నారు. భర్త కాదు. భర్తయితే తెలుస్తుంది. అంతకన్నా పెద్దగా, అంతకన్నా దగ్గరగా.

వదినను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ప్రతి తలుపూ దబదబా బాదింది. "బయటికి రండి! కొండ వచ్చేస్తోంది!" కొందరు కిటికీలోంచి చూసి, పాపం అనుకుని మూసుకున్నారు. ఆవిడ వానలో తడుస్తూ చర్చికి పరుగెత్తింది.

"ఎవరు చెప్పారమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"ఎవరూ చెప్పలేదు. చెబుతూ వచ్చినవాళ్లు ఆపేశారు."

ఆయన ఇంకొక ప్రశ్న వెయ్యకుండా వెళ్లి గంట తాడు పట్టుకున్నారు. గంట ఆగకుండా మోగుతుంటే వీధివాళ్లు గొణుక్కుంటూ, పిల్లల్ని చంకనేసుకుని, ఎదుటి దిబ్బమీదున్న చర్చి ఆవరణలోకి వచ్చారు. ఏమీ జరగలేదు. వాన కాస్త తెరిపిచ్చింది. ఒకరిద్దరు ఆవిడవైపు గుర్రుగా చూశారు. రొట్టెల కొట్టాయన, "పొయ్యి మండుతూనే ఉంది, ఆర్పేసి వస్తా" అని బయల్దేరాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఒక్క నిమిషం అక్కా, ఇల్లంటుకుంటే నువ్వు కుట్టిపెడతావా?" అని నవ్వి విడిపించుకున్నాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక కొండ జారింది.

వీధి మొత్తం పోయింది. ఆ ఒక్కడు తప్ప అందరూ బతికారు. ఆయన శవం దొరికింది. మొగుడి కోసం తవ్వి తవ్వి వదిలేసిన చోటు మీదికి ఇంకో కొండంత మట్టి వచ్చి పడింది కాబట్టి, వడ్రంగి ఇక ఎప్పటికీ దొరకడు.

పట్నం నుంచి ఒక ఇంజనీరు వచ్చి అంతా చూశాడు. కొండలో ఊట ఉందనీ, మట్టి కింద పాత గొట్టంలోకి నీటిచుక్కలు పడుతుంటే ఆ చప్పుడు వచ్చి ఉంటుందనీ, దారి మూసుకుపోయాక నీళ్లు లోపల నిండి కొండను తోసేశాయనీ ఓపిగ్గా చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. "అయ్యుంటుంది బాబూ" అంది. వదినకు మాత్రం ఆ మాట ఆ పూట వినిపించలేదు.

జనం ఆవిడ చేతులు పట్టుకుని, నీ రూపంలో దేవుడే వచ్చాడన్నారు. రొట్టెల కొట్టాయన భార్య మాత్రం దూరంగా నిలబడింది. అంత్యక్రియలయ్యాక దగ్గరకొచ్చి, "మా ఆయన చెవిలో ఎందుకు చెప్పలేదక్కా మీ దేవుడు?" అంది. ఆవిడ ఆమెను మట్టిలోనే కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. పొద్దు వాలేదాకా ఇద్దరూ కదల్లేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు సాక్ష్యం చెప్పమంటే ఆవిడ లేచి నిలబడింది. "నన్ను పిలిచింది ఎవరో నాకు తెలుసు. ఆ కొండ, ఆ నీళ్లు, ఆ పిట్టలు ఆయనవే. ఆయన గొంతు నాకు పెళ్లయిన కొత్తలోనే తెలుసు, మధ్యలో వినడం మానేశాను. కానీ ఆయన్ని చూస్తే నాకిప్పటికీ భయమే. అడగాల్సినవి ఉన్నాయి. ఇక కళ్లు మూసుకునే అడుగుతాను" అని కూర్చుంది. ఎవరూ ఆమెన్ అనలేదు.

వీధివాళ్లకు ఊరికి దూరంగా చదును నేలమీద కొత్త గదులు ఇచ్చారు. వదిన అక్కడే, ఆ మరుసటి చలికాలంలో, నిద్రలో పోయింది. పోయేముందు కూడా గోడను ఒకసారి తడిమి చూసింది. ఆ గోడలో ఏ చప్పుడూ లేదు.

కుట్టుమిషన్ అక్క ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. వాన మొదలైతే మిషను ఆపి కుర్చీ గుమ్మంలోకి లాక్కునేది. పక్క గదిలో ఉండే రొట్టెల కొట్టాయన భార్య తన ముక్కాలిపీట తెచ్చుకుని పక్కనే కూర్చునేది. అక్క కళ్లు మూసుకునేది, పెదవులు కదిలేవి, ఇంకొకామె బయటికి చూస్తూ ఉండేది. వాన వెలిశాక లేచి ఎవరి పనిలోకి వాళ్లు వెళ్లేవారు.