పుట్టింటి కాన్పుల లెక్క

మా సబ్ సెంటరు నర్సమ్మగారు పోయిన సోమవారం కామెర్లతో చనిపోయారు. బుధవారం ఆరోగ్య కేంద్రంలో సంతాప సభ పెట్టారు. సభలో ఆమెను పొగిడిన డాక్టరుగారే, ఫొటోకు వేసిన దండ వాడకముందే, ఆమె రిజిస్టరులో రాసిన మూడు వరసలు కొట్టెయ్యమని నాకు చెప్పారు. వచ్చే నెలాఖరు సమీక్షలోగా ఆ పని జరగాలట. అందుకే, నాలాగే సంచి తగిలించుకుని పల్నాడు ఊళ్ళన్నీ తిరిగే నర్సులు చదివే ఈ పత్రికకు ఇప్పుడే రాస్తున్నాను. మా కేంద్రం పేరు రాయను. చదివితే మీకే తెలుస్తుంది, ఎక్కడైనా ఇదే కదా.

నేను నాపరాళ్ళ క్వారీ కూలీల కూతుర్ని. మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని నేనే మొదలు. శిక్షణ ముగించుకుని ఆమె దగ్గర చేరిన కొత్తలో, ఊళ్ళో పుట్టిన బిడ్డల పేజీ రాసి చూపిస్తే, నా చేతిరాత చూసి మెచ్చుకుంటారనుకున్నాను. ఆమె పేజీ అటూ ఇటూ తిప్పి, "రాత బానే ఉంది. ఈళ్ళలో ఎవురింటికన్నా పొయ్యావా?" అన్నారు. పోలేదు. బడి పంతులుగారు చెప్పినవి రాసుకొచ్చాను. ఆ పేజీ చించి నా చేతిలో పెట్టారు. చాలా రోజులు నాకు ఆమె మొహం చూడాలంటేనే మంటగా ఉండేది.

ఆమె నోరు మంచిది కాదు. కాన్పయిన పదకొండో రోజు, పురిటి స్నానం నాడు, ప్రతి ఇంటికీ వెళ్ళేవారు. బిడ్డ గుడ్డలు విప్పి బొడ్డు చూసేదాకా మజ్జిగ ఇచ్చినా ముట్టేవారు కాదు. ఒక ఇంట్లో బిడ్డ కనపడలేదు.

"బిడ్డేదమ్మా?"

"పురుడన్నా ఎళ్ళకముందే పోయింది నర్సమ్మా. పేరు గూడా పెట్టలా. దాన్నేం రాస్తావులే" అంది అత్తగారు.

"తొమ్మిది నెల్లు మోసింది నువ్వా, నీ కోడలా? ఏరోజు పోయిందో చెప్పు, రాసుకుంటా."

ఆమె లెక్క పుట్టిన బిడ్డలతో మొదలయ్యేది కాదు, కడుపుతో ఉన్నవాళ్ళతో మొదలయ్యేది. ప్రతి తల్లి పేరు పక్కన బిడ్డ ఉండాలి, లేదా ఏమైందో ఉండాలి. అలా రాయబట్టే మా క్వారీ వాడలో పసిగుడ్లు వారం తిరిగేలోపు పాలు తాగడం మానేసి బిగుసుకుపోతున్నారని బయటపడింది. ధనుర్వాతం. మంత్రసాని బొడ్డు కోసేది గడ్డి కోసే కొడవలితోనే. నర్సమ్మగారు తల్లులకు సూదిమందు వేశారు. మంత్రసానికి బ్లేడూ దారమూ ఇచ్చి, ఉడకబెట్టి వాడమని ఆమెతో నెల రోజులు పోట్లాడారు. మరుసటి ఏడు ఆ వాడలో అలా పోయిన బిడ్డ లేదు.

దీనికి ఆమెకు దక్కింది మెమో. డాక్టరుగారి గదిలో గోడ మీద చార్టు ఉంటుంది. ఏ సెంటరులో శిశు మరణాలు తక్కువో అది పైన, ఎక్కువైనది అడుగున. ఆమె పేరు ఎప్పుడూ అడుగునే, ఎర్ర సిరాతో. పై సెంటర్లలో నెలల తరబడి సున్నాలు. "ఆ సున్నా ఎట్టా వచ్చిందని ఒక్కరూ అడగరేందే?" అనేవారు. అడిగితే చార్టు తిరగబడుతుంది కాబట్టి అడగరు.

ఆ సున్నా ఎలా వస్తుందో నా తప్పే నాకు నేర్పింది. తొలి కాన్పుకు పిల్ల పుట్టింటికి పోతుంది కదా. మా ఊరి కోడలు ఒకామె అలా వెళ్ళింది. అక్కడి నర్సు రాస్తుందిలే అని నేను వదిలేశాను. అత్తింటి ఊళ్ళో రాస్తారులే అని ఆవిడ వదిలేసింది. బిడ్డ పోయింది. ఏ పుస్తకంలోనూ లేదు.

"ఏమే, ఇద్దరు నర్సులుండి ఆ బిడ్డకు ఒక్కతీ లేకపాయెనా? చదువుకున్నది ఇందుకేనా నువ్వు?" అని, నర్సమ్మగారు నన్ను ఆ మధ్యాహ్నమే బస్సెక్కించి, ఆ బిడ్డ వివరాలు రాసుకురమ్మని ఆ ఊరికి పంపారు. ఆ తల్లి ముందు కూర్చున్నాక ఏం అడగాలో తెలియక ఏడ్చాను. ఆమే నన్ను ఊరుకోబెట్టింది.

సంతాప సభలో డాక్టరుగారు "ఓర్పుకు మారుపేరు" అన్నారు. ఆమెకు ఓర్పు బొత్తిగా లేదు. ఉంటే ఆ వాడలో ఇంకా కొడవలే ఉండేది. సభ డాక్టరుగారి గదిలోనే కాబట్టి, రెండు నిమిషాల మౌనం కూడా ఆ చార్టు కిందే పాటించారు. తర్వాత నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఈ మూడూ పుట్టిళ్ళలో పోయినయి. మనయి కావు. కొట్టేస్తే పోయినావిడ పేరూ బాగుపడుతుంది."

"ఆ ఊళ్ళ రిజిస్టర్లలో ఎక్కాయాండీ?"

"అది నీకెందుకు? ఉద్యోగం పర్మనెంటు కావాలా, వద్దా?"

కావాలి. మా ఇంట్లో నా తర్వాత ఇద్దరు చెల్లెళ్ళు చదువుతున్నారు. అయినా కొట్టెయ్యకుండా ఆ రిజిస్టరు మళ్ళీ తెరిచాను. మూడో వరసలో, బిడ్డ పేరు రాయాల్సిన చోట, ఆమె ఖాళీ వదల్లేదు. "ఆడపిల్ల. తొమ్మిది రోజులు బతికింది" అని ఉంది.

ఆ తల్లులు ముగ్గురూ తొలి కాన్పుకు వెళ్ళింది మాచర్ల, గురజాల, ధరణికోట వైపు పుట్టిళ్ళకు. వాళ్ళ పేర్లు, ఊర్లు రాసి అక్కడి నర్సులకు విడిగా కార్డులు వేశాను. అమ్మలారా, అక్కలారా, మీ పుస్తకాలు తీసి చూడండి. ఆ బిడ్డ మీ దగ్గర ఉంటే ఒక్క ముక్క రాయండి. రెండుసార్లు లెక్కపడకుండా నేనే కొట్టేస్తాను. వచ్చే నెల ఇరవయ్యో తారీఖులోగా జవాబు కావాలి. రాకపోతే ఆ మూడు వరసలు కొట్టెయ్యకుండా, వాటి పక్కన నా సంతకం పెట్టి సమీక్షకు పట్టుకెళతాను.