అప్పలనరసమ్మ గారు చెప్పిన తేడా

మంగళవారం ఉదయం క్లాసు చెప్పడానికి బయలుదేరుతుండగా ఊరి చివరి లాల్‌ఖదాన్ నుంచి కబురు వచ్చింది. అప్పలనరసమ్మ గారు ఇక లేరు. దుఃఖం తరువాత వచ్చింది, ముందు సిగ్గు వచ్చింది. శిష్యురాలిగా నాలుగు మాటలు రాయమని మన బిలాస్‌పూర్ ఆంధ్ర సంఘం పెద్దలు అడిగారు. నేను ఆమె శిష్యురాలినే. ఆ పేరుకు తగినదాన్నో కాదో ఇది చదివి మీరే నిర్ణయించండి.

ఆమెది విజయనగరం దగ్గర పల్లె. ఇక్కడి రైల్వే లోకో షెడ్‌లో ఇంజన్ ఫైర్‌మన్‌గా ఉన్న భర్త అకాలమరణం చెందాక, ఆమెకు ఆఫీసర్ల రెస్ట్‌హౌస్ వంటింట్లో గిన్నెలు తోమే పని దొరికింది. అక్కడి వృద్ధ ఆంగ్లో ఇండియన్ వంటవాడు చేసేది చూసి చూసి, ఆ నిరక్షరాస్యురాలు ఓవెన్ విద్యను సమగ్రంగా స్వాధీనం చేసుకున్నారు. ఆయన వెళ్ళిపోయాక ఆ ఓవెన్‌కు ఆమే అధిపతి.

ఎనభైలలో ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను, పక్క క్వార్టర్ పిల్లనని చేరదీశారు. చుట్టరికం లేకపోయినా నాకామె పిన్ని. “కేకుకి గాలి కావాల, పేస్ట్రీకి పొర కావాల. ఒకదాన్ని గిలక్కొట్టాల, ఇంకోదాన్ని మడతెట్టాల. రెండూ ఒకటంటే ఎలాగే?” అనేవారు. గుడ్లూ పంచదారా నురగ కట్టేదాకా గిలక్కొడితే కేకు పొంగుతుంది. పిండి మడతల నడుమ చల్లని వెన్న పరిచి, ఒత్తి, మళ్ళీ మడిచి కాలిస్తే పొరలు విడివడి పేస్ట్రీ అవుతుంది. మనం తినే పఫ్‌లు, ఇక్కడివాళ్ళు ప్యాటీస్ అనేవి, ఆ జాతివే. బిలాస్‌పూర్ ఎండలకు వెన్న నిలవదు కనుక ఆమె ఐసు ముక్కలు పట్టుకుని చేతులు చల్లబరచుకుని పిండి ముట్టేవారు. ఆ చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి.

ఒకసారి ఒక ఆఫీసరు భార్య బిడ్డ పుట్టినరోజుకు పేస్ట్రీలు కావాలంది. పిన్ని జామ్ పెట్టి పొరలు పొరలుగా కాల్చి పంపారు. ఆవిడ అడిగింది క్రీము పూసిన కేకు ముక్కలట. పిలిపించి అందరిలో చీవాట్లు పెట్టింది. “కేకు ముక్క కావాలంటే కేకు ముక్కనే అడగాల అమ్మగారూ” అన్నారు పిన్ని, హిందీలో, నెమ్మదిగా. ఆ తరువాత నెలరోజులు ఆమెచేత మళ్ళీ గిన్నెలు తోమించారు.

రిటైరయ్యాక ఆమెకు ఒకే కోరిక మిగిలింది, టీచరమ్మ అనిపించుకోవాలని. ఆడపిల్లలకు బేకింగ్ నేర్పే ఒక కేంద్రంలో ఉద్యోగం ఖాళీ పడితే దరఖాస్తు నాచేతే రాయించారు. “నువ్వూ ఒకటి పెట్టీ. ఎవులికొచ్చినా మనదే గదా” అన్నారు.

ఇంటర్వ్యూకు ఇద్దరినీ ఒకేసారి లోపలికి పిలిచారు. కేంద్రం అధ్యక్షురాలు హిందీలో అడిగిన ప్రశ్న ఒక్కటే: కేకుకూ పేస్ట్రీకీ భేదమేమిటి? పిన్ని చేతులతో మడతలు చూపిస్తూ చెప్పారు. ఆవిడ పకపకా నవ్వింది. “అది ప్యాటీస్ కదా! పేస్ట్రీ తెలియనివాళ్ళుంటారా?” అని నావైపు తిరిగింది. “నువ్వు చెప్పు.”

నాకు నిజం తెలుసు. ఆవిడకు ఏ జవాబు కావాలో కూడా తెలుసు.

“కేకును ముక్కలు కోసి క్రీము పూస్తే పేస్ట్రీ, మేడమ్” అన్నాను.

ఉద్యోగం నాకిచ్చారు. బయటికి వచ్చాక పిన్ని అడిగారు: “తెలీక సెప్పినావేటే?”

“కాదు పిన్నీ. ఉద్యోగం కోసం చెప్పాను.”

“అచ్ఛా” అన్నారు. రిక్షా ఎక్కి వెళ్ళిపోయారు.

తరువాత ఆమె లాల్‌ఖదాన్‌కు మారారు. నేను వెళితే టీ ఇచ్చేవారు, ఆరోగ్యం అడిగేవారు. వంటింట్లోకి మాత్రం రానివ్వలేదు. ఒకసారి పిండి ముద్ద కనబడి చెయ్యి చాపాను. “దాన్నొగ్గీ” అన్నారు, ముద్దను అవతలికి జరుపుతూ. కోపం లేని ఆ గొంతే నన్ను ఎక్కువగా కోసింది. క్షమించమని ఒక్కనాడూ అడగలేదు. ఉద్యోగం వదులుకోనూలేదు.

గురువారం, నా గురువని, మా కేంద్రంలో సంతాపసభ జరిపారు. అదే అధ్యక్షురాలు ఆమె పేరు కాగితం చూసి చదివి, “పేస్ట్రీలు చాలా బాగా చేసేది” అంది. టీతో పాటు క్రీము పూసిన కేకు ముక్కలు పంచారు. ఈసారి నేను లేచాను. “ఇవి కేకు ముక్కలు మేడమ్. ఆమె చేసినవే పేస్ట్రీలు” అన్నాను.

మర్నాడు క్లాసులో ఆ భేదాన్ని సవిస్తరంగా చెప్పాను. ముందు బెంచీలోని అమ్మాయి నిలబడి అడిగింది: “మరి ఇన్నాళ్ళూ వేరేగా ఎందుకు నేర్పారు దీదీ?”

పిన్నీ, మీరు నాకు అబద్ధం ఒక్కటే నేర్పలేదు. అది నేను స్వయంగా సంపాదించుకున్నదే. మీ స్థానం ఈ ఊళ్ళో ఎవరూ భర్తీ చేయలేరు. మీరు బతికుండగానే మీ కుర్చీలో కూర్చున్న నేను అసలే చేయలేను. మీ పాదాలకు ఈ ఆలస్యపు నమస్కారం.