కుడికన్ను మూసి చూడు

సోమలింగానికి ఓపిక తక్కువ. మగ్గాల పనికి వలస వచ్చిన గోడాదరా బస్తీలో ఆ సంగతి తెలియని తెలుగువాడు లేడు. అయినా సెలవు దొరికితే చాలు, తోటి మగ్గం పనివాళ్లను వెంటేసుకుని తాపీ ఒడ్డుకు పక్షులు చూడడానికి పోయేవాడు. పాత సామాన్ల బజారులో కొన్న రెండు గొట్టాల దూర్బీన్ అంటే అతనికి ప్రాణం. దాన్ని ఎవరి చేతికిచ్చినా ముందు తాడు మెడలో వేయించేవాడు. ఆ తర్వాత తిట్లు మొదలయ్యేవి.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏప్రిల్‌లో ఆ తిట్లన్నీ బుచ్చిరాములు ఒక్కడికే దక్కాయి. పక్క గదిలో ఉండే బుచ్చిరాములుది మిల్లులో నేసిన గుడ్డలో తప్పులు పట్టే పని. జబ్బు చేసిన అతని భార్య బాలవ్వను ఖాడీ కాలువ అవతల, రోగుల కోసం తెరిచిన ఒక హాల్లో, మేడమీద ఉంచారు. తీసుకుపోయిన రోజు జుట్టు ముడేసుకోవడానికి కూడా ఆమెకు చేతులు లేవలేదు. బుచ్చిరాములే ముడేసి పంపాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం కిటికీ దగ్గరికొచ్చి నిలబడుతోంది. ఫోన్లో "మంచిగనే ఉన్న" అంటుంది. ఆ మాట అతను నమ్మడు. సోమలింగం దూర్బీన్‌తో చూసి చెప్పినా నమ్మడు. తన కంటితో చూసుకుంటే తప్ప అతనికి ముద్ద దిగేలా లేదు.

అందుకని ఆ కిటికీ కనిపించే తమ డాబా మీద పాఠం మొదలైంది.

"ముందుగాల కుడికన్ను ముయ్యి. ఎడమకంటితోని చూసుకుంట నడుమ చక్రం తిప్పు. సాఫ్‌గ కనిపించినంక ఆపు," అన్నాడు సోమలింగం.

బుచ్చిరాములు చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాడు. "అంత చీకటే ఉందన్నా."

"పొద్దుండంగ చీకటేంది? మూత తీసినవా?"

మూత తీసే ఉంది.

"సరే, రెండు కండ్లు తెరువు."

"మసక మసకగుంది."

రోజూ ఇదే వరస. సోమలింగానికి ఒళ్లు మండిపోయేది. పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దాన్ని ఒక కంటికి ఆనించుకుని చూసీ చూసీ, వీడు రెండో కంటి వాడకమే మరిచిపోయాడనుకున్నాడు. ఒకనాడు అవతల బాలవ్వ కిటికీలో ఎదురుచూస్తుంటే ఇవతల ఇతను ఇంకా చక్రమే తిప్పుతున్నాడు. ఇక సోమలింగం ఉండబట్టలేకపోయాడు.

"రెండు కండ్లున్నోడు గిట్ల చూస్తడా? నీతోని కాదు గని, ఇటియ్యి," అని అతని మెడలోని తాడు తీయబోయాడు.

బుచ్చిరాములు ఇవ్వలేదు. గొంతు తగ్గించి, "ఎడమకన్ను లేదన్నా," అన్నాడు. "పెండ్లికి ముంగట మగ్గం మీదికెల్లి షటిల్ ఎగిరొచ్చి తాకింది. పైకి మంచిగనే కనబడ్తది గని చూపు లేదు. సేటుకు తెలిస్తే పనికెల్లి తీసేస్తడని ఎవలకు చెప్పలే. బాలవ్వకు సుత తెల్వదు."

సోమలింగానికి అప్పుడు అర్థమైంది. గుడ్డికంటితో చక్రం తిప్పించి, ఉన్న కంటి చూపు కూడా మసక చేసింది తన పాఠమే. తన నోటి మీద తనకే అసహ్యం వేసింది. తాడు వదిలేసి, "ఎడమ సంగతి ఇడిసిపెట్టు తమ్మీ. కుడికంటితోనే చూసుకుంట తిప్పు, జర మెల్లగ," అన్నాడు.

బుచ్చిరాములు మెల్లగా తిప్పాడు. అప్పటికే బాలవ్వ చూసి చూసి విసిగి, వెనక్కి తిరిగి లోపలికి పోతోంది. ఇంత చేసీ ముఖం చూడలేకపోయాడే అని సోమలింగం ఉసూరుమన్నాడు. బుచ్చిరాములు మాత్రం దూర్బీన్ దించలేదు.

"కొప్పు పెట్టుకుందన్నా," అన్నాడు. "చేతులు లేస్తున్నయి."