తుప్పయ్య పుస్తకంలో మనుషులు లేరు

కాలేషా గారు ఏలూరులో బోర్డులు రాసేవారు. రాయడమంటే అక్షరాలే. బొమ్మ కావాలంటే ఇంకో పెయింటర్ని పిలుచుకోవాల్సిందే. ప్రాణమున్న దేని బొమ్మా వేయనని వాళ్ళమ్మ ఆబిదా గారికి చిన్నప్పుడే మాటిచ్చారు. ప్రాణం పోసేది పైవాడు, ఆ పని మనకెందుకన్నది ఆవిడ నమ్మకం. కోళ్ళఫారం బోర్డు మీద కోడిపెట్ట లేకుండా ఉత్త అక్షరాలు రాసిచ్చిన పెయింటరు జిల్లా మొత్తంలో ఈయనొక్కరే అయ్యుంటారు.

ఫ్లెక్సీలు వచ్చి ఆ అక్షరాలను కూడా తినేశాయి. పొద్దున చెబితే సాయంత్రానికి మెరిసిపోతూ వచ్చే బోర్డు ఉండగా, బ్రష్షు పట్టుకుని మూడు రోజులు నిచ్చెన మీద కూర్చునే మనిషి ఎవరికి కావాలి? ఊళ్ళో షాపులవాళ్ళు ఆయన్ని ఎంత తొందరగా మర్చిపోయారో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పనిలేని ఆ రోజుల్లోనే పవర్‌పేటలో ఉన్న నా జిరాక్స్ షాపుకి ఒక కాగితం తెచ్చారు. మడిచి కోస్తే అరచేతిలో పట్టే ఎనిమిది పేజీల పుస్తకం అవుతుంది. అందులో ఒక రోబో. పేరు తుప్పయ్య. రేకు డబ్బా తల, బకెట్టు ఒళ్ళు. కళ్ళు కూడా లేవు.

"రోబోకి ప్రాణం లేదు కదండీ, అమ్మీ ఏమీ అనలేదు," అన్నారు, దొంగతనానికి పర్మిషన్ దొరికినవాడిలా.

కథలో తుప్పయ్య ఆకివీడులో చేపల చెరువు మీద పనికి కుదిరాడు. వానలో నానితే కీళ్ళు పట్టేస్తాయి, నూనె పోయించండి బాబూ అంటే తలకి రాసుకోమని కొబ్బరినూనె ఇచ్చారు. రేషన్ కార్డుకి వెళ్తే ఇంట్లో ఎంతమంది అని అడిగారు. "నట్లూ బోల్టులూ కలిపి చెప్పమంటారాండీ?" అన్నాడు. యజమాని ఎక్కడా కనపడడు, మాట మాత్రం బొమ్మ అంచు నుంచి వస్తుంది. చేపలూ కనపడవు, నీళ్ళ మీద బుడగలే. మిగతావన్నీ మిషన్లే. ఇంజన్ మోటారు అలుగుతుంది, ఐసు లారీ గొప్పలు చెబుతుంది. జిరాక్స్ మిషన్ ఆపి మరీ నవ్వేదాన్ని నేను.

బస్టాండులో అమ్మితే రూపాయికి కూడా బేరమాడారు. కొన్నవాళ్ళు చదివి సీట్లోనే వదిలేసి దిగిపోయేవారు. నిజంగా ఎదురుచూసిన మనిషి ఒక్కరే, కొల్లేటికోటలో మా పిన్ని మరియమ్మ. ఊరి సొసైటీవాళ్ళ చేపల చెరువులో ఆవిడకో వాటా ఉంది. నేను పట్టుకెళ్ళిన పుస్తకాలు చెరువు గట్టు మీద చదివి, పక్కవాళ్ళకి వినిపించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ సంగతి చెబితే కాలేషా గారి మొహం వెలిగిపోయేది. "మీ పిన్నిగారు నవ్వితే చాలండీ," అనేవారు. ఆ తర్వాత ప్రతి పుస్తకం ఆవిడ కోసమే వేశారు.

రెండువేల ఆరులో కోర్టు తీర్పు వచ్చింది. కొల్లేటి సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లు కొట్టేయాలన్నారు. సరస్సు బతకాలంటే తప్పదన్నారు, నిజమే కావచ్చు. కానీ గట్లు తవ్వే పొక్లెయిన్లు వచ్చిన రోజు పిన్ని అన్నం ముట్టలేదు.

ఆవిడని ఎలాగైనా నవ్వించాలని కాలేషా గారు వారం రోజులు కూర్చుని కొత్త పుస్తకం వేశారు. తానే ఇస్తానని నాతోపాటు కొల్లేటికోట వచ్చారు. అందులో పొక్లెయిన్ తుప్పయ్యకి బావ. చుట్టపుచూపుగా వచ్చాడు. ఎంత పెట్టినా ఆకలి తీరక గట్లు కొరుక్కు తింటున్నాడు. తుప్పయ్య వెనకాలే తిరుగుతూ, "కాస్త మజ్జిగైనా పుచ్చుకోండి బావగారూ" అని బతిమాలుతున్నాడు.

తెగిన గట్టు మీద కూర్చుని పిన్ని ఎనిమిది పేజీలూ చదివింది. మళ్ళీ మొదటినుంచి తిప్పింది.

"బాగుందండీ," అంది మర్యాదగా. పుస్తకం మూసి, "గట్టుంది, మిషనుంది. మరి ఇందులో మేమెక్కడున్నామండీ?" అని అడిగింది.

కోపంగా అడిగినా బాగుండేది. తిరుగు బస్సులో కాలేషా గారు పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని ఏలూరు దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది, ఆయన కోసమో పిన్ని కోసమో తెలీదు.

ఇంటికెళ్ళి జరిగింది అమ్మకి చెప్పారట. ఆవిడ చేతిలో తస్బీ పూసలన్నీ ఒక చుట్టు తిప్పి, "వేయి నాన్నా. ఆ పాపం నా మీద వేసుకుంటాను," అందట. అంత పెద్ద మాట ఆ తల్లి ఎలా అనగలిగిందో.

తీరా అనుమతి దొరికాక చెయ్యి రాలేదు. నలభై ఏళ్ళ చెయ్యి అది, అక్షరాలూ డబ్బాలూ తప్ప ఏమీ ఎరగదు. నా షాపుకి తెచ్చి చూపించిన కాగితంలో గట్టుంది, తాటాకు పాక ఉంది, మనిషి ఉండాల్సిన చోట రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం చిరిగిపోయింది.

"పిన్నిగారిని వేద్దామనుకున్నానండీ. ఎన్నిసార్లు వేసినా తుప్పయ్యే వస్తున్నాడు," అన్నారు.

మరుసటేడు దెందులూరు దగ్గర హైవే పక్కన ఆయన కనిపించారు. ఎవరో నాయకుడి ఫ్లెక్సీ స్తంభానికి కడుతున్నారు. ఇల్లంత మొహం, కళ్ళూ పళ్ళూ అన్నీ ఉన్నాయి. జీవితంలో ఒక్క మొహమైనా వేయని మనిషికి దొరికిన పని అదీ. తుప్పయ్య సంగతి అడిగాను. "ఆపేశానండీ," అని తాడు నోట కరుచుకుని రెండో మూలకి ఎక్కారు.

పిన్ని ఇప్పుడు ఆకివీడులో రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్తోంది. నేను వెళ్ళినప్పుడల్లా తడి చేతులు చీరకి తుడుచుకుని నా సంచి వైపు చూస్తుంది.

"ఈసారైనా మేమున్నామా అమ్మా?"

"ఇంకా వేస్తున్నారు పిన్నీ," అంటాను.